కిటికీలో చెక్కముక్క

స్కూలు వెనక వీధి
చలి మొదలైన వారం

వదినగారికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టబోయి ఆగిపోయాను. ఇక్కడ నేను బాగానే ఉన్నాను, అక్కడ మీరూ బాగానే ఉండి ఉంటారు. అంతకంటే పెద్ద మాట రాయడానికి చెయ్యి రాలేదు.

వ్యాను ఇప్పుడు నేనే నడుపుతున్నాను. మీ తమ్ముడు పోయిన కొన్నాళ్ళకే పెద్ద టీచరు ఇంటికొచ్చింది. కుర్చీ అంచున కూర్చుని, "వ్యాను ఏం చేద్దామనుకుంటున్నావమ్మా? పిల్లలు అంతదూరం నడవలేకపోతున్నారు" అంది. నేను నడుపుతానన్నాను. ముందుగా అనుకున్న మాట కాదు, నోట్లోంచి వచ్చేసింది. పెళ్ళైన కొత్తలో మీ తమ్ముడు పట్టుబట్టి నేర్పించిన డ్రైవింగు ఇన్నేళ్ళకి పనికొచ్చింది. ఆవిడ లేచి కొంగు సర్దుకుని, "ఈ చలికాలం నడిపి చూడు. తల్లిదండ్రుల నుంచి ఫిర్యాదు రాకపోతే ఆ పైన కూడా నీదే. వస్తే మాత్రం వేరేవాళ్ళకి ఇవ్వాల్సి వస్తుంది, నన్నేమీ అనుకోకు" అంది. అనుకోవడానికేముంది? ఈ పని పోతే నాకు ఇంకో పని రాదు. ఇల్లు కూడా స్కూలు వాళ్ళదే.

తల్లిదండ్రులకున్న ఫిర్యాదల్లా ఒక్కటే, వెనక కిటికీ. మీ తమ్ముడు ఎంత చలిలోనైనా ఆ కిటికీ సందులో ఒక చెక్కముక్క దోపి, బెత్తెడు తెరిచే ఉంచేవాడు. పిల్లలకి పడిశం పడుతోందని తల్లులు మొత్తుకునేవారు. నేనూ నోరు నొప్పి పుట్టేలా చెప్పాను. "ఇంజనుకి గాలాడాలి" అనేవాడు. ఇంజను ముందుంటే గాలి వెనకెందుకయ్యా అంటే నవ్వి ఊరుకునేవాడు. మొండివాడు రాజుకన్నా బలవంతుడని ఊరికే అన్నారా.

నేను మొదటిరోజే ఆ చెక్క పీకి ముందున్న అరలో పడేశాను. కిటికీ మూసి, చుట్టూ రబ్బరు పట్టీ అంటించాను. ముందు సీట్ల మధ్య ఉండే ఇంజను డబ్బా వేడికి ఇప్పుడు లోపల దుప్పటి కప్పుకున్నంత వెచ్చగా ఉంటోంది. తల్లులు సంతోషించారు. ఒకావిడైతే, "ఇన్నాళ్ళకి వ్యానుకి మంచి రోజులొచ్చాయి" అనేసి, ఏమన్నదో తెలిసి నాలిక కరుచుకుంది. నాకేమీ అనిపించలేదు.

ఆయన పోయినప్పుడు మీరు వచ్చి, అందరికంటే ముందే వెళ్ళిపోయారని మా పిన్ని ఇంకా గొణుగుతోంది. నాకు తప్పనిపించలేదు. నేను ఇంకా ఏడవలేదు వదినా. ఎందుకో రావడం లేదు.

మీ మరదలు


ఆనకట్ట క్యాంపు, కొండ మీద

మరదలు పిల్లకి,

నీ ఉత్తరం సరుకుల లారీలో కందిపప్పు బస్తాల మధ్య నలిగి వచ్చింది. ఇక్కడికి ఏదొచ్చినా ఆ లారీలోనే రావాలి. ఫోను తీగ లాగుతామని నేను చేరినప్పటినుంచీ చెబుతున్నారు, ఈలోపు నా జుట్టు నెరిసింది.

మీ పిన్ని నన్ను రాయి అన్నదని వేరేవాళ్ళు కూడా చెప్పారు. అననీ. కళ్ళు పొడిగా ఉన్న ఆడపడుచుని ఇంకేమంటారు? అక్కడ అందరూ వాడి గురించి మాట్లాడుతుంటే, ఎవరో తెలియనివాడి గురించి చెప్పుకుంటున్నట్టు విన్నాను. ఇక్కడికొచ్చి మర్నాడే పంపు ఇంజను విప్పాను. చేతులు పనిచేశాయి, నాకు అదే చాలనిపించింది.

వాడి గురించి రాయమంటే రాయలేను. ఇంజను గురించి అడగగలను, అదే అడుగుతాను. పొద్దున మొదటిసారి స్టార్టు చేసినప్పుడు ఏం వినిపిస్తోంది? మెరక ఎక్కేటప్పుడు లాగుతోందా? పెట్రోలు ఎక్కువ తాగుతోందా? నీకు తెలియకపోతే తెలియదని రాయి, అంతేగాని "బాగానే ఉంది" అని రాయకు. బాగానే ఉన్న ఇంజను నేను ఇంతవరకు చూడలేదు.

ఒక్క సంగతి మాత్రం నాకు కొరుకుడు పడలేదు. వాడికి చలంటే చచ్చే భయం. చిన్నప్పుడు ఇద్దరికీ కలిపి ఒకటే దుప్పటి, మొత్తం వాడే లాక్కునేవాడు. నేను గోడవైపు ముడుచుకుని పడుకునేదాన్ని. అలాంటివాడు కిటికీ తెరిచి పెట్టుకుని బండి నడిపాడా? నువ్వు ఇంకెవరి మొగుడి గురించో రాస్తున్నావేమో అనుకున్నాను.

వేళకి తిను.

వదిన


స్కూలు వెనక వీధి
మంచు కురుస్తున్న రోజులు

వదినగారికి,

మీరు అడిగినవన్నీ రాస్తాను. మీరు అడిగితే రాయడం తేలికగా ఉంది, నాకై నేను రాయాలంటే మాటలు దొరకవు.

పొద్దున స్టార్టు చేయగానే ఇంజను డబ్బాలోంచి టిక్కుటిక్కుమని చప్పుడు వస్తుంది, గోడ గడియారం మింగినట్టు. వ్యాను బజారు దాటి ఇంజను వేడెక్కేసరికి చప్పుడు ఆగిపోతుంది. వేడెక్కితే పోయేది జబ్బెలా అవుతుందని వదిలేశాను. ఎక్కేటప్పుడు కాస్త మొరాయిస్తుంది. పెట్రోలు ఎక్కువే తాగుతోంది. డబ్బా మూతకి లోపలివైపు మసి పట్టింది. తుడుస్తుంటాను, మళ్ళీ పడుతుంది.

పిల్లలు బంగారాలు. మీ తమ్ముడి రోజుల్లో వ్యాను చేపల బజారులా ఉండేదట, ఆయన రోజూ చెవులు దిబ్బళ్ళు పడ్డాయని వచ్చి కూర్చునేవాడు. నా దగ్గర కిక్కురుమనరు. ఎక్కి కాసేపు గొడవ చేస్తారు, అంతే, ఒకళ్ళ భుజం మీద ఒకళ్ళు తల వాల్చి నిద్రపోతారు. స్కూలు దగ్గర లేపి దింపాలి. "నీ చెయ్యి చల్లనిదమ్మా, ఎంత బుద్ధిగా వస్తున్నారో" అంది పెద్ద టీచరు. ఒక్క ముందు సీటు పిల్లే తేడా. ఇంజను డబ్బా పక్కన కూర్చుంటుంది, దిగగానే వాంతి చేసుకుంటుంది. బడి ఎగ్గొట్టడానికి వేషాలని వాళ్ళమ్మ రెండు తగిలించింది. ఆ పిల్ల బుగ్గలు మాత్రం ఎప్పుడూ ఎర్రగా ఉంటాయి, జబ్బు మనిషిలా ఉండదు.

నా సంగతి కూడా అడుగుతారని రాస్తున్నాను. తల దిమ్ముగా ఉంటుంది. సాయంత్రం ఇంటికొచ్చాక కుర్చీలో కూర్చుంటే లేవాలనిపించదు. కాఫీ పెట్టి తాగడం మరిచిపోతాను. మొన్న ఒక మలుపు దాటాక, మలుపు తిప్పింది నేనేనా అని అనుమానం వచ్చింది. అందరూ దుఃఖం అంటున్నారు. దుఃఖం ఇలా ఉంటుందని నాకు తెలియదు. నొప్పి ఏమీ లేదు, దూది కూరినట్టు ఉంటుంది.

ఆదివారం మాత్రం వ్యాను తియ్యను కదా, మధ్యాహ్నానికి తల తేలికపడుతుంది. అప్పుడు ఆయన చొక్కాలు కనిపిస్తాయి, చెప్పులు కనిపిస్తాయి, అవి కనిపించకుండా ఆ గది తలుపు దగ్గరగా వేస్తాను. అందుకే నాకు ఆదివారమంటే ఇష్టం లేదు. సోమవారం వస్తే బాగుండునని కూర్చుంటాను. సోమవారం వ్యానెక్కితే అన్నీ మళ్ళీ దూరంగా వెళ్ళిపోతాయి.

మీ మరదలు


క్యాంపు

వ్యాను ఆపు.

ఈ ఉత్తరం ఏ రోజు అందితే ఆ రోజే, ఆ నిమిషమే ఆపు. లోపల పిల్లలుంటే దింపి గాలిలో నిలబెట్టు. ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలువు. పలకనివాళ్ళని, తూలేవాళ్ళని వెంటనే ఆసుపత్రికి పంపు, మిగిలినవాళ్ళనీ, నిన్నూ డాక్టరు చూడాలి. ఇంజను పొగ బండిలోకి వస్తోందని చెప్పు, ఆయనకి అర్థమవుతుంది.

అది దుఃఖం కాదే పిచ్చిదానా. పెట్రోలు పొగలో రంగూ వాసనా లేని విషం ఒకటి ఉంటుంది. ముందు తలనొప్పి, తర్వాత మత్తు, వాంతి, ఆ తర్వాత నిద్ర. ఆ నిద్రలోంచి లేవరు. బంగారాలు అన్నావే, వాళ్ళు బుద్ధిగా కూర్చోవడం లేదు, సొమ్మసిల్లుతున్నారు. ఆ ఎర్రబుగ్గల పిల్లని ఎవరూ కొట్టొద్దని చెప్పు.

కిటికీ వాడెందుకు తెరిచాడో ఇప్పుడు తెలిసింది.

ఇవాళ లారీ వచ్చే రోజు కాదు. క్యాంపు పెద్దాయన కాళ్ళమీద పడ్డంత పనిచేసి ఖాళీ లారీ పంపిస్తున్నాను.

వదిన


స్కూలు వెనక వీధి

వదినా,

అందరూ బతికే ఉన్నారు. ముందు ఆ మాట రాయాలని రాశాను.

సాయంత్రం బడి వదిలారు. పిల్లలందరూ ఎక్కారు, ఇంజను టిక్కుటిక్కుమంటోంది, నేను గేరు వేయబోతున్నాను. ఒక లారీ ఎదురుగా వచ్చి అడ్డంగా ఆగింది. అందులోంచి ఒక లావుపాటి మనిషి దిగి పరుగెత్తుకొచ్చాడు. మాటా లేదు పలుకూ లేదు, నా కిటికీలోంచి చెయ్యి లోపలికి పెట్టి, తాళంచెవి తిప్పి లాగేసుకున్నాడు. నేను కేక వేశాను. "తిట్టండమ్మా, పరవాలేదు. ముందు తాళం తియ్యి, ఉత్తరం తర్వాత ఇవ్వు అన్నారు మీ వదినగారు" అని వగరుస్తూ మీ ఉత్తరం ఇచ్చాడు.

నిలబడే చదివాను. రెండో వాక్యానికి పిల్లల్ని దింపడం మొదలుపెట్టాను. పెద్ద టీచరు వచ్చి ఏమిటీ గొడవంటే ఉత్తరం ఆవిడ చేతిలో పెట్టాను. ఆవిడ సగం చదివి, తనూ పిల్లల్ని దింపడానికి వచ్చింది. అందరినీ ఆ లారీలోనే, వెనక ఖాళీ గోనెల మీద కూర్చోబెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళాం. వాళ్ళకి అదో పండగ. ముందు సీటు పిల్లని ఆక్సిజను పెట్టి ఆ రాత్రికి ఉంచారు. డాక్టరు నా కళ్ళల్లోకి లైటు వేసి చూసి, "ఇంకో వారం ఇలాగే నడిపి ఉంటే నేను చూడాల్సిన పని ఉండేది కాదు" అన్నాడు. నా రక్తం కూడా తీసుకున్నారు. ఆ పిల్ల మర్నాడు లేచి ఇడ్లీ కాదు, ఐస్‌క్రీము కావాలందట. వాళ్ళమ్మ నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. కొట్టినందుకు ఏడ్చింది. నేను పక్కన నిలబడ్డాను.

నాకు భయం కూడా పూర్తిగా రాలేదు వదినా. ఎంతమంది పిల్లలు! నా చేతుల్తోనే రబ్బరు పట్టీ అంటించాను. రాస్తుంటే అక్షరాలు కనిపిస్తున్నాయి, వాటి అర్థం కాస్త ఆలస్యంగా వస్తోంది. ఎంత పొగవల్ల, ఎంత ఆయన పోయినందువల్ల అని డాక్టరుని అడిగాను. చెప్పలేనమ్మా అన్నాడు.

పెద్ద టీచరు నన్ను పనిలోంచి తీసేయలేదు. "బాగుచేయించు. పూర్తిగా బాగైందని నాకు నమ్మకం కుదిరితేనే పిల్లల్ని ఎక్కిస్తాను, లేకపోతే మన్నించు" అంది. మన బజారు మెకానిక్కు మీకు గుర్తున్నాడా? అందరూ తొందరాయన అంటారే, ఆయన వచ్చి మూత తీసి చూసి, "మానిఫోల్డు పోయిందమ్మా. ఈ పాతబండికి అది ఎక్కడా దొరకదు. తుక్కుకి వేసుకోండి" అని టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

ఏం చెయ్యమంటారు?

మీ మరదలు


ఆనకట్ట క్యాంపు

మరదలు పిల్లకి,

బతికే ఉన్నారన్న ముక్క దగ్గర ఆగి, మిగిలిన ఉత్తరం మర్నాడు చదివాను.

తొందరాయన సగం నిజం చెప్పాడు. మానిఫోల్డు అంటే సిలిండర్ల పొగనంతా ఒకచోటికి చేర్చి గొట్టంలోకి తోసే పోతఇనప ముక్క. అది బీటలు వారితే కొత్తది బజారులో దొరకదు, అది నిజం. కానీ అదే ఇంజను ఇక్కడ పాత పంపుకి ఉంది. పంపు మూలపడి చాలాకాలమైంది. దానిది నేను విప్పాను. ఇంజనుకి ఆనే మొహం వంగి ఉంటే అద్దం మీద గరుకు కాగితం పెట్టి, చదునయ్యేదాకా రుద్దాను. ఇద్దరు కుర్రాళ్ళు సాయం చేస్తామంటే వద్దన్నాను. నాకు చేతులకి పని కావాలి. గోనెసంచిలో చుట్టి లారీలో పంపుతున్నాను, కొత్త గాస్కెట్టుతో సహా. గాస్కెట్టు అట్టలాంటిది, రెండు ఇనపముక్కల మధ్య సందు లేకుండా ఉంచుతుంది. దాన్ని మడత పెట్టొద్దు, మీద కూర్చోవద్దు.

పని తొందరాయన చేత చేయించు, నువ్వు పక్కనే నిలబడు. పాతది పట్టి ఉంచే బోల్టులు ఎప్పటివో, ఊడిరానంటాయి. వాటికి నూనె పెట్టి రెండు మూడు రోజులు వదిలేయాలి. తర్వాత ముందు వెంట్రుకవాసి బిగించి, ఆ తర్వాత వదులు చెయ్యాలి. అలిగిన చుట్టాన్ని బతిమాలినట్టే. రాకపోతే మళ్ళీ నూనె, మళ్ళీ ఆగడం. బోల్టు విరిగిందో, ఇంజను తల మొత్తం విప్పాలి, అప్పుడు తొందరాయన అన్న తుక్కే గతి. కొత్తది బిగించేటప్పుడు మధ్య బోల్టుతో మొదలుపెట్టి రెండు పక్కలకీ పోవాలి. ఒకసారి వేడెక్కించి, చల్లారాక మళ్ళీ బిగించాలి.

ఆఖర్న సబ్బు నురగ. ఇంజను చల్లగా ఉన్నప్పుడు వెనక పొగగొట్టంలోకి గాలి ఊదే మిషను పెట్టి, అతుకులన్నిటికీ చిక్కటి సబ్బునీళ్ళు పూయి. ఎక్కడ బుడగ లేస్తే అక్కడ కారుతున్నట్టు. ఒక్క బుడగ కూడా లేవకూడదు. పెద్ద టీచరుని పిలిచి ఆవిడ కళ్ళెదురుగా చెయ్యి. ఆ తర్వాత ఇంజను మీదుండే మూతకి కింద కొత్త రబ్బరు వేయించు. అప్పుడు కూడా, లోపల పొగ లేదని, ఆ డాక్టరుని అడిగి విషం కొలిచే మిషనుతో కొలిపించాకే పిల్లల్ని ఎక్కించు.

సుత్తి మాత్రం ముట్టనివ్వకు. పని రానివాడే గట్టిగా కొడతాడు అనేవాడు మా నాన్న. ఆయన తన సుత్తి వాడికి కాదు, నాకిచ్చాడు. మీ ఆయన రెండు రోజులు అన్నం మానేశాడు. ఆ సుత్తికి పిడి నేనే చెక్కాను, రావి కాదు తుమ్మ కాదు, పాత బండిచక్రంలో ఆకు అంటారే, ఆ కర్ర. నెల తిరక్కుండా పిడి పోయింది. ఎక్కడో పారేశానని నాన్న సుత్తి వెనక్కి తీసుకున్నాడు. నేను పారేయలేదు.

ఎందుకో గుర్తొచ్చి రాశాను.

వదిన


స్కూలు వెనక వీధి

వదినా,

పని అయింది. మొదట్నుంచీ చెప్పాలి, లేకపోతే మీరు మళ్ళీ అడుగుతారు.

తొందరాయన మూడు రోజులు నూనె పెట్టి ఆగమంటే నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. "ఒక్క దెబ్బ వేస్తే ఊడొస్తుందమ్మా" అన్నాడు. నేను ఆయన సుత్తి తీసుకుని, కొంగు కింద పెట్టుకుని, పీట మీద కూర్చున్నాను. "మా వదిన ఊరుకోదు" అన్నాను. "మీ వదిన ఎక్కడో కొండమీదుంది కదమ్మా!" "అక్కణ్ణించే తాళం లాక్కుంది, చూశావుగా" అన్నాను. నూనె డబ్బా అందుకున్నాడు.

నాలుగో రోజు బోల్టులు ఒక్కొక్కటే మూలుగుతూ కదిలాయి. ఒక్కటీ విరగలేదు. తొందరాయన ఆఖరి బోల్టు చేతిలో పట్టుకుని, "ఈ వయసులో ఓపిక నేర్చుకోవాల్సి వచ్చింది" అన్నాడు.

పాత మానిఫోల్డు తీసి నా ఒళ్ళో పెట్టాడు. బీట పొడవునా మీ తమ్ముడు అతుకు వేశాడు వదినా. ఒకసారి కాదు. రేకు, దాని మీద ఇనప లేపనం, తీగ చుట్లు, దాని మీద మళ్ళీ రేకు. తొందరాయన స్క్రూడ్రైవరుతో ఒక్కో పొర లేపాడు. "ఇది మాడిపోయేకొద్దీ మళ్ళీ వేసుకుంటూ వచ్చాడమ్మా. బోల్టులు విరుగుతాయని విప్పడానికి భయపడ్డాడు. అతుకు మీద నమ్మకం లేక కిటికీ తెరిచాడు" అన్నాడు. చుట్టాలొచ్చినప్పుడల్లా వ్యాను కింద దూరేవాడు మీకు గుర్తుందా? తప్పించుకోవడానికి వేషమని ఎన్నిసార్లు దెప్పానో. ఆయన పోయాక అతుకు వేసేవాళ్ళు లేరు. కిటికీ నేను మూశాను.

అడుగు పొర రేకు మీద సగం చెరిగిన పువ్వు బొమ్మ కనిపించింది. నా పౌడరు డబ్బా మూత. ఇల్లంతా వెతికాను దానికోసం. పనిమనిషిని కూడా అనుమానించాను. ఆయన నాతోపాటు మంచం కింద దూరి వెతికాడు!

నాకు కోపం వచ్చింది. ఒక్కమాట చెప్పి ఉంటే ఏం పోయేది? ఇంజనుకి గాలాడాలి అనే బదులు, పొగ కారుతోందే, నాకు విప్పడానికి ధైర్యం చాలట్లేదే అంటే నేను నవ్వుతాననుకున్నాడా? నవ్వేదాన్నేమో. కానీ కిటికీ మూసేదాన్ని కాదు. అంతమంది పిల్లల్ని ఒక చెక్కముక్క మీద వదిలి వెళ్ళిపోయాడు.

పాత ఇనుము పట్టుకుని ఆ కోపంలో ఉండగానే ఏడుపు వచ్చింది. తొందరాయన కంగారుపడి, సుత్తి మీ దగ్గరే ఉంచుకోండమ్మా, నాకేం వద్దు అన్నాడు. నవ్వు కూడా వచ్చింది. ఆ రోజంతా ఏడ్చాను. గొంతు పోయింది. నాకు ఆయన కావాలి వదినా. ఇన్నాళ్ళూ ఈ మాట ఎవరో కప్పి పెట్టినట్టు ఉంది.

మీరు చెప్పినట్టే కొత్తది మధ్య నుంచి బిగించాం. పెద్ద టీచరు చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని వంగి చూసింది. సబ్బు నురగ నురగలాగే ఉంది, ఒక్క బుడగ లేవలేదు. డాక్టరు మిషను తెచ్చి వ్యానులో కూర్చుని, ఇంజను నడుస్తుండగా కొలిచి, బాగుందన్నాడు. సోమవారం పిల్లలు ఎక్కారు. బజారు దాటాక ఎవరో ఎవరి జడో లాగారు. మలుపు దగ్గర పాట మొదలుపెట్టారు. స్కూలు చేరేసరికి నా చెవులు దిబ్బళ్ళు పడ్డాయి. ముందు సీటు పిల్ల దిగుతూ, "ఇవాళ వాంతి రాలేదు" అని అందరికీ వినిపించేలా చెప్పింది.

మీరు ఎలా ఉన్నారు? మీ సంగతి ఒక్క ముక్క కూడా రాయలేదు.

మీ మరదలు


ఆనకట్ట క్యాంపు

మరదలు పిల్లకి,

మంచి పని చేశావు. బోల్టులు విరగలేదంటే నిజంగా మంచి పని. నెల తర్వాత ఇంకోసారి బిగించు, మరిచిపోకు.

నా సంగతి అడిగావు. నీ ఉత్తరం చదివి అసూయపడ్డాను. పౌడరు డబ్బా మూత దగ్గర నువ్వు ఏడ్చిన చోట నేను కాసేపు ఆగాను, నాకూ వస్తుందేమోనని. రాలేదు.

నీకు గాస్కెట్టు మారిస్తే సరిపోయింది. నా దగ్గర ఏ లీకూ లేదు, చూసుకున్నాను. నేను పనిచేసేది ఆరుబయట. పడుకునే గదికి రెండు పక్కలా కిటికీలు, రెండూ తెరిచే ఉంటాయి. పొగ లేదు, మసి లేదు. అయినా చెయ్యి కాలితే కాలినట్టు తెలియడం లేదు. మొన్న భోజనాల దగ్గర ఎవరో మీ తమ్ముడు ఎలా ఉన్నాడని అడిగితే బాగానే ఉన్నాడని చెప్పాను. మరిచిపోయి చెప్పలేదు. వివరం చెప్పడానికి బద్ధకించి చెప్పాను.

వాణ్ణి ఎత్తుకుని తిప్పింది నేనే. వాడికి మొదటి స్పానరు పట్టుకోవడం నేర్పింది నేనే. బీట సంగతి ఒక్క ఉత్తరం రాసి ఉంటే వచ్చి విప్పేదాన్ని. అడగలేదు. అడగనివాడి కోసం ఏం ఏడుస్తాం?

ఇంక రాయడానికేమీ లేదు.

వదిన


స్కూలు వెనక వీధి

వదినా,

నీ ఉత్తరం చదివాను. ఎప్పుడూ మీరు అనే రాస్తాను, ఇవాళ చెయ్యి పోవడం లేదు, ఏమీ అనుకోకు.

నేను మెకానిక్కుని కాదు. నీలా ఇంత దూరం నుంచి చదివి జబ్బు చెప్పలేను. ఏడవమని బోల్టు బిగించినట్టు చెప్పడం కూడా నాకు చేతకాదు. నువ్వు పంపిన ఇనుముకి బదులు పంపడానికి ఇంట్లో ఏమైనా ఉందా అని చూశాను. చొక్కాలు నీకెందుకు? వాచీ ఆగిపోయింది.

వ్యాను అరలో ఆ చెక్కముక్క ఉంది. ఇప్పుడు దానితో పనిలేదు. కిటికీ మూసినా ఎవరికీ ఏమీ కాదు. పిల్లలందరినీ అన్నాళ్ళు బతికించింది అది, అందుకని పారేయలేకపోయాను. ఆయన చెయ్యి పడి పడి నున్నగా అయింది. లారీ ఆయన చేతికిచ్చాను. ముందు చెక్క ఇవ్వు, ఉత్తరం తర్వాత అన్నాను.

నీ మరదలు


ఆనకట్ట క్యాంపు

పిల్లా,

నీ ఉత్తరం ఇంకా పూర్తిగా చదవలేదు. లారీ ఆయన నువ్వు చెప్పినట్టే ముందు చెక్క చేతిలో పెట్టాడు. పంపు షెడ్డులో అందరి మధ్యా ఉన్నాను.

బండిచక్రం ఆకు అది. ఒక పక్క కిటికీ సందుకి పట్టేలా వాడు వాలుగా చెక్కేశాడు, ఇంకో పక్క చెక్కలేదు. చెక్కని పక్క చివర రెండు గాట్లున్నాయి, నువ్వు చూసే ఉంటావు, ఏవో దెబ్బలనుకుని ఉంటావు. అవి నేను పెట్టినవి. నాది అని తెలియడానికి మేకు కాల్చి పెట్టాను.

నా సుత్తి పిడి! దొంగవెధవ. దొంగవెధవ వాడు. నా కళ్ళల్లోకి చూసి, నాకు తెలియదక్కా, నేను చూడలేదక్కా అన్నాడు. నాతో కలిసి గడ్డివాములో వెతికాడు. నీతో మంచం కింద వెతికాడే, అలాగే. నాన్న నా చేతిలోంచి సుత్తి తీసుకుంటుంటే గుమ్మంలో నిలబడి చూశాడు. ఇన్నేళ్ళూ దాచుకుని, బతుకంతా చేతికి అందేచోట పెట్టుకున్నాడు. విరగ్గొట్టి పొయ్యిలో పెట్టొచ్చు కదా, పెట్టలేదు. రోజూ పట్టుకున్నాడు. నున్నగా అయ్యేదాకా పట్టుకున్నాడు.

తిట్టాను. నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టాను. షెడ్డులో ఇంజనులు ఆపేసి మరీ విన్నారు. మధ్యలో ఎక్కడో తిట్లు ఏడుపయ్యాయి, నాకు తెలియలేదు. క్యాంపు పెద్దాయన వచ్చి మంచినీళ్ళిచ్చి, ఏమైందమ్మా అన్నాడు. మా తమ్ముడు చచ్చిపోయాడండీ అని చెప్పాను. అప్పుడే కబురు తెలిసినట్టు చెప్పాను.

వచ్చే లారీలో వస్తున్నాను. సెలవు అడిగాను, ఇచ్చారు. ఈసారి అందరికంటే ముందు వెళ్ళను. ఆ మానిఫోల్డు పారేయకు, పొరలన్నీ నేను చూడాలి. బోల్టులు కూడా నేనే బిగిస్తాను.

చెక్క మాత్రం తిరిగి ఇవ్వను. అది మొదటినుంచీ నాదే.

వదిన